పళ్ళెంలో గాజు చేప

స్ఫాక్స్
19 ఏప్రిల్ 1991, శుక్రవారం

పండగకి నా కాబోయే అత్తవారింటికి వండుకునే చేప ఇచ్చి రమ్మంటే, దాని బదులు గాజు మీద గీసిన చేప ఇచ్చి వచ్చావు.

సలాములు రాయడం లేదు, పిన్నీ. చెయ్యి రావడం లేదు. ఈ సంగతి నాకెవరు చెప్పారో తెలుసా? మన ఊరికీ ఇక్కడికీ టాక్సీ నడిపే హమ్మాదీ. ఎక్కడ చెప్పాడో తెలుసా? ఇక్కడి టాక్సీ స్టాండులో, నలుగురి మధ్య, కారు ముందు రేకు మీద కూచుని గింజలు కొరుకుతూ. "ఏం లసాదూ, మీ పిన్ని పంపిన చేప గురించి విన్నావా? ముళ్ళే లేవంట. గొంతులో గుచ్చుకుంటుందన్న భయమే లేదు" అన్నాడు. స్టాండంతా నవ్వింది. బత్తాయి రసం అమ్మేవాడు గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. నాకు ఏమీ తెలియదు కాబట్టి నేను కూడా నవ్వాను. ఆ తర్వాత విడమరిచి చెప్పాడు.

పళ్ళెం మీద మా అమ్మ కుట్టిన గుడ్డ కప్పావట. గోరింటాకు పెట్టే మామియా ముందు నడుస్తూ నాలుక ఆడిస్తూ శుభానికి కూత పెట్టిందట. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయట. నేను చేసుకోబోయే దలెండా వాళ్ళ గుమ్మంలో, వాళ్ళమ్మ సాల్హా అత్త గుడ్డ ఎత్తిందట. ఎత్తి, మళ్ళీ కప్పేసిందట. అప్పుడు దలెండా నాన్న మొఖ్తార్ గారు వచ్చి తనే గుడ్డ తీసి, గాజు పైకెత్తి చూసి, "అబ్బాయి స్ఫాక్స్‌లో గాజు కోస్తాడని చెప్పారు గానీ, గాజు తింటారని చెప్పలేదే" అన్నాడట.

పిన్నీ, ఆ చేప నేను నా చేతులతో ఊరబెట్టాను. మన్నానీ చేప, నా చెయ్యంత పొడుగు. ఇక్కడ ఊరబెట్టినవి బజారులో గుట్టలుగా దొరుకుతాయి. నేను కొనలేదు. దలెండా వాళ్ళమ్మది ఈ ఊరే, పండగ పొద్దున ఉప్పుచేప లేకపోతే ఆవిడకి పండగే కాదు. అలాంటి ఇంటికి ఎవడో ఊరబెట్టింది పంపడం ఏమిటనుకున్నాను. రంజాను నెలంతా పని దిగి వచ్చాక, ఉపవాసంతో నోరు పిడచకట్టుకుపోతుంటే, దాన్ని కడిగి, చీల్చి, ఉప్పునీళ్ళలో తిరగేశాను. ఉపవాసం కదా, ఆ నీళ్ళు నాలుక కొసకి కూడా తగలనివ్వలేదు. అంత నిష్ఠగా చేశాను.

ఒక సగం వాళ్ళకి పంపాను. ఇంకో సగం నా గదిలో మేకుకి వేలాడుతోంది. పళ్ళెం ఖాళీగా తిరిగి రాదు కదా, సాల్హా అత్త ఉల్లిపాయా ఎండుద్రాక్షా కలిపి రోజంతా ఉడికించిన షర్మూలా ఒక గిన్నెడు వస్తుంది, దాంతో తిందామని ఆగాను. పండగ నాడు రొట్టె తిని పడుకున్నాను.

ఇంకో సంగతి. ఆ గాజు కూడా నేను కోసి పంపిందే. అంచులు చెయ్యి తెగకుండా రాతి మీద అరగదీసి పంపాను. దాని మీద మా పెళ్ళి బొమ్మ గీస్తానన్నావు.

నా చేప ఏమైంది? సోమవారం హమ్మాదీ చేతికి జవాబు ఇవ్వు. వాడు చదవకుండా కవరు అంటించు.

లసాద్


మహదియా
22 ఏప్రిల్, సోమవారం

నా బంగారు లసాద్‌కి,
నీ పిన్ని బేయా సలాములు, ఈ ఇంట్లో ఉన్న పిల్లులందరి సలాములు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడి సంగతే చెప్పాలి.

కమ్మూన్ తిన్నాడు నీ చేపని.

రాసేశాను. ఇప్పుడు ఊపిరి పీల్చుకుని మిగతాది రాస్తాను. నువ్వు పంపిన మూట హమ్మాదీ ఆదివారం దించి వెళ్ళాడు. విప్పి, పెరట్లో తాడుకి కట్టాను. కొత్తిమీర కోసం బజారుకి వెళ్ళి వచ్చేసరికి లేదు. ఆ ఒంటికన్ను వెధవ గోడ మీద కూచుని మీసాలు తుడుచుకుంటున్నాడు. జీలకర్ర రంగులో ముద్దుగా ఉన్నాడని తెచ్చుకుని ఆ పేరు పెట్టుకున్నందుకు నాకు ఇదీ బహుమానం. ముల్లు కూడా మిగల్చలేదు. పెరడంతా కడిగి, సున్నం చల్లి, సాంబ్రాణి వేశాను. తప్పు నాది. కట్టే చోట కట్టలేదు.

మర్నాడు పళ్ళెం వెళ్ళాలి. వీధికంతా తెలుసు. మామియా పొద్దుటి నుంచి గొంతు సవరించుకుంటోంది. ఖాళీ పళ్ళెం తీసుకెళ్ళనా? బజారులో చేప కొందామంటే, పండగ ముందు రోజు తోకలు తప్ప ఏం మిగులుతాయి? ఇంట్లో ఉన్నది గాజు ఒకటి, బషీర్ తాత పడవకి వేయగా మిగిలిన రంగులు కొన్ని. మన ఊళ్ళో గుమ్మానికి చేప తోక కట్టుకోని ఇల్లుందా? చేప దిష్టి తీస్తుంది, శుభం అనుకున్నాను. ఈ ఏడాదికి కళ్ళతో తినండి, వచ్చే ఏడాది నోటితో, అని నవ్వుతూ చెబుదామనుకున్నాను. చెప్పే లోపలే గుడ్డ ఎత్తేశారు.

గాజు బొమ్మ ఎలా వేస్తానో నీకు తెలుసు కదా, చిన్నప్పుడు నా పక్కనే కూచుని ముక్కు చీదుకుంటూ చూసేవాడివి. గాజు వెనకవైపు గీస్తాం, ముందువైపు నుంచి చూస్తాం. అందుకని ముందు కనిపించాల్సింది ముందే గీయాలి. కన్ను మొదట. తర్వాత పొలుసుల గీతలు. వాటి వెనక ఒంటి రంగు. అన్నిటికీ చివర నేపథ్యం. ఈ చేపకి కన్ను బాగా వచ్చింది, పొలుసులూ బాగా వచ్చాయి. నేపథ్యానికి వ్యవధి లేకపోయింది. చేప చుట్టూ గాజు ఖాళీగా ఉండిపోయింది. మొఖ్తార్ గారు పైకెత్తి పట్టుకుంటే చేప కింద ఆయన ముఖం కనబడింది. మామియా ఆపుకోలేకపోయింది. "బేయక్కా, చేప బ్రహ్మాండంగా ఉంది, ఉప్పు సరిపోయిందో లేదో అల్లుడిగారి మామనే అడగాలి" అంది. అసలు రగిలింది అక్కడే. గాజు వల్ల కాదు, ఆ నవ్వు వల్ల.

ఆయన సంగతి నీకు తెలియనిదా? ఈ రంజానులో బషీర్ తాత ఒకరోజు తన పాత పడవ బూర పొద్దు పూర్తిగా గుంకకముందే ఊదేశాడు. వీధంతా ఖర్జూరాలు నోట్లో వేసుకున్నాక మసీదు నుంచి అసలు బాంగు వినపడింది. అందరూ నవ్వుకుని, ఆ ఉపవాసం తర్వాత ఉందాంలే అనుకున్నారు. మొఖ్తార్ గారు మాత్రం ఇంతవరకు తాతతో మాట్లాడలేదు. పట్టు నేసే మనిషి. ఒక్క పోగు తప్పినా మొత్తం విప్పేస్తాడు. కొంచెం ఓపిక పట్టు, మళ్ళీ నేసుకుంటాడు.

నీ గదిలో వేలాడుతున్న సగం పారెయ్యి. ఒక సగాన్ని పిల్లి ముట్టాక ఇంకో సగం అచ్చిరాదు, పెద్దవాళ్ళ మాట. ఎవరికీ ఇవ్వకు, ఊరికే పారెయ్యి.

నీ పిన్ని
బేయా

తా.క. గాజు దలెండా దగ్గరే ఉంది. వాళ్ళ నాన్న వెనక్కి ఇచ్చెయ్యమంటే ఇవ్వలేదట.


స్ఫాక్స్
26 ఏప్రిల్, శుక్రవారం

పిల్లి తిన్నదన్నమాట.

పిన్నీ, నీ ఉత్తరం మొత్తంలో నాకు మిగిలిన ముక్క అదొక్కటే. మిగతా అంతా బూరలూ ఖర్జూరాలూ. నేను బడి మధ్యలోనే మానేసినవాణ్ణి. గాజు పలకల మధ్య వేసే పాత పేపర్లు చదివి చదవడం నేర్చుకున్నాను. వాటిలో కూడా ఇలాగే ఉంటుంది, రెండు నిలువు వరసల రాతలో ఒక్క నిజం. దాన్ని వెతుక్కోవడం నాకు అలవాటే.

నువ్వు వీధిలో చెప్పిన పిల్లి సంగతి విని మొఖ్తార్ గారు హమ్మాదీ చేత కబురు పంపాడు. వాడు ఈసారి నవ్వలేదు. అక్షరం పొల్లు పోకుండా చెబుతానని, నిలబడి చెప్పాడు. "కోడలి కంటే ముందు పిల్లి తినే ఇంటికి నా కూతుర్ని పంపను. పిల్లులైనా పోవాలి, ఇచ్చిన మాటైనా పోవాలి. ఆ అబ్బాయే తేల్చుకోమను."

నేను తేల్చుకున్నాను. పిల్లులు పోవాలి.

నువ్వేం చెబుతావో నాకు తెలుసు. ఒంటికన్నుది ఎక్కడికి పోతుంది, ముసలిది ఎలా బతుకుతుంది. పిన్నీ, ఆ ఇంట్లో నీ పక్కన పెరిగిన వాణ్ణి. నా పక్కబట్టల్లో పిల్లలు పెట్టాయి. నా చొక్కా మీద పడుకున్నాయి. బడికి వెళితే పిల్లి వాసనగాడు అన్నారు. అప్పుడు నేనేమీ అనలేదు. ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే. నేను మహదియా తిరిగి వచ్చి, మన ముందుగదిలో గాజు దుకాణం పెట్టి, ఆ ఇంటికి దలెండాని తెచ్చుకోవాలి. దానికోసమే ఇక్కడ వేళ్ళు తెగేలా గాజు కోస్తున్నాను. ఆ గాజు ముక్కలే ఏరి నీకు పంపుతున్నాను. నువ్వు వాటి మీద ఏం గీస్తున్నావు? పిల్లులు. మేడ మీద పిల్లులు, పడవలో పిల్లులు, పెళ్ళికూతురి కొంగు పట్టుకున్న పిల్లులు. అవి కొని తీసుకెళ్ళే విదేశీయులకి నువ్వు ఒక ముచ్చట. ఈ వీధికి ఒక తమాషా. నాకు మాత్రం నువ్వు అమ్మవి. ఆ ముగ్గురూ ఒకటి కాదు.

నా సగం పారేయను. అచ్చిరావడం, అచ్చిరాకపోవడం నేను నమ్మను. నా చేతులతో చేసింది. గుడ్డలో చుట్టి ఉంచాను. ఈ గొడవ తేలిన రోజున నేనే తింటాను, ఒక్కణ్ణే అయినా సరే.

వచ్చే శుక్రవారంలోగా కమ్మూన్ ఆ ఇంట్లో ఉండకూడదు. మిగతావి కూడా. ఉంటే నాకు పిన్ని లేదనుకుంటాను.

లసాద్


మహదియా
30 ఏప్రిల్, మంగళవారం

లసాద్‌కి,
పిన్ని సలాములు.

నువ్వన్నట్టే చేశాను. తెల్ల పిల్లికూననీ దాని తల్లినీ బషీర్ తాత తీసుకున్నాడు. నల్లవి రెండూ మసీదు కాపలాదారు దగ్గరికి వెళ్ళాయి. ఆయన ముందే వాటికి దొంగచాటుగా పెడుతుంటాడు, ఇప్పుడు దర్జాగా పెట్టుకోవచ్చు. ముసలిదాన్ని మామియా తీసుకుంది. "నా గోరింటాకు గిన్నెలో కాలు పెట్టిందంటే దానికీ పెళ్ళి చేసేస్తా" అంటూనే చంకన పెట్టుకుపోయింది.

నిన్న మొఖ్తార్ గారి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు. బయట నిలబడే, మీరు చెప్పినట్టే చేశాను అన్నాను. మగ్గం చప్పుడు ఆగింది. "మీరు మంచివారే బేయా గారూ, మీరు మంచివారు కాదని ఈ వీధిలో ఎవరన్నారు? ఇల్లు నడపడం వేరు, మంచితనం వేరు" అన్నారు. మళ్ళీ మగ్గం చప్పుడు మొదలైంది. ఆయన మీద నాకు కోపం లేదు. కూతురు ఎక్కడికి వెళుతుందో చూసుకోకపోతే ఆయనేం తండ్రి?

దలెండా మేడ మీద నుంచి పలకరించింది. బట్టలు ఆరేస్తున్నట్టు నటిస్తూ. "అత్తా, చేప చుట్టూ ఖాళీ ఎందుకు వదిలేశావు?" అంది. టైము లేకపోయిందమ్మా అన్నాను. "నా కిటికీలో పెట్టాను. చేప కింద నుంచి వీధంతా కనిపిస్తుంది. హమ్మాదీ కారు రావడం కూడా కనిపిస్తుంది" అంది. అంటే నీ ఉత్తరాలు రావడం చూస్తోంది. ఇది నీకు రాయకూడదేమో. రాశాను.

బషీర్ తాత మాత్రం నా ప్రాణం తీస్తున్నాడు. కమ్మూన్ దొంగ కాదని వీధిలో అందరితో వాదిస్తున్నాడు. "ఆదివారం పొద్దుటి నుంచి వాడు రేవులో నా కాళ్ళ దగ్గరే ఉన్నాడు. వల నిండా చేపలున్నా, ఇస్తే తింటాడు గానీ మూతి పెట్టడు. వాడిది నావికుడి మర్యాద" అంటాడు. ముసలాయన రోజులు కలిపేసుకుంటున్నాడు, నువ్వేం పట్టించుకోకు. తాతా నోరు మూసుకో అని చెప్పాను. నా మీద అలిగి రెండు పూటలు బూర ఊదలేదు.

కమ్మూన్ ఒక్కడు మిగిలాడు. వాణ్ణి ఎవరూ తీసుకోలేదు. దొంగ అన్న పేరు వచ్చాక ఎవరు తీసుకుంటారు? రోడ్డు మీద వదలమంటే నావల్ల కాదు, వాడికి కుడివైపు ఏ బండి వచ్చినా కనబడదు. శుక్రవారం హమ్మాదీ కారులో బుట్టలో పెట్టి నీకే పంపుతున్నాను. నువ్వు ఈ ఇంట్లో ఉండకూడదన్నావు గానీ, నీ గదిలో ఉండకూడదని రాయలేదు.

నేను బొమ్మలు గీయడం లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే చెయ్యి కదలడం లేదు. కళ్ళు గీసే సన్న కుంచె వాడి తోక వెంట్రుకలతో కట్టుకున్నదే, నీకు తెలుసు. ఇంకొన్నాళ్ళు వస్తుంది. అది అరిగాక కళ్ళు లేని బొమ్మలు గీయాలి కాబోలు.

ఒక్కటి చెబుతాను, కోప్పడకు. గాజు మీద నేపథ్యం ముందే పులిమేస్తే ఇక కన్ను గీయడానికి చోటుండదు. నువ్వు ఉత్తరాలు అలాగే రాస్తున్నావు.

ఆ సగం చేప పారేశావా? పారేశానని ఒక్క ముక్క రాయి.

బేయా


(బుట్ట పిడికి కట్టిన చీటీ)

మహదియా
3 మే, శుక్రవారం

లసాద్,
పొద్దున ఏమీ పెట్టలేదు, కారులో కక్కుతాడని. దిగగానే నీళ్ళు పెట్టు. కుడివైపు నుంచి ముట్టుకోకు, ఉలిక్కిపడి గీరుతాడు. నిన్ను గుర్తుపడతాడో లేదో. చిన్నప్పుడు నీ చొక్కా మీదే పడుకునేవాడు.

చేప పారేశావా?

పిన్ని


స్ఫాక్స్
6 మే, సోమవారం

నాతో అబద్ధం చెప్పావు, పిన్నీ. దొంగతనం చేయని వాడి మీద దొంగతనం మోపి, వాణ్ణి ఊరు దాటించావు.

ఎవరు చెప్పారని అడగకు. నీ పిల్లే చెప్పాడు.

శుక్రవారం హమ్మాదీ బుట్ట తెచ్చి నా చేతికిచ్చాడు. "దారి పొడుగునా పాడాడు తమ్ముడూ, వీడికంటే రేడియో నయం" అన్నాడు. గదికి తెచ్చి మూత తీశాను. దిగి, మంచం కింద దూరి, నా వైపు ఒంటికన్నుతో చూశాడు. నాకు ఒళ్ళు మండింది. నీ వల్లేరా నా పెళ్ళి ఆగిపోయింది అన్నాను. అవును, పిల్లితో మాట్లాడాను, నీ పెంపకం. మేకు మీది మూట విప్పాను. ఒక సగం తిన్నావు కదా, ఇదిగో రెండోది, ఇది కూడా మింగు, అని వాడి ముందు పడేశాను.

వచ్చాడు. పొద్దుటి నుంచి తిండి లేనివాడు, పొట్ట వీపుకి అంటుకుని ఉంది. మూతి దగ్గర పెట్టి వాసన చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ముందు కాలితో సిమెంటు నేల గీరడం మొదలుపెట్టాడు. దేన్ని కప్పెట్టడానికి పిల్లులు అలా గీరతాయో నీకు నేను చెప్పాలా?

పక్కగది వాడు సార్డీన్లు వేయిస్తున్నాడు. ఒక తలకాయ అడిగి తెచ్చి వేశాను. గుర్రుమంటూ నమిలి మింగాడు. ఆకలి లేక కాదన్నమాట.

అప్పుడు కత్తి తీసుకుని చేపని వెన్నుముల్లు వెంబడి చీల్చాను. పైన గట్టిగా, తెల్లగా, చూడముచ్చటగా ఉంది. లోపల ముల్లు పక్కన పచ్చగా, మెత్తగా, వేలు దిగిపోయింది. వాసన రాయను. నీకు తెలుసు. అందుకేగా సున్నం, అందుకేగా సాంబ్రాణి.

ఉప్పునీళ్ళు రుచి చూడకుండా చేప ఊరబెట్టానని గొప్పగా రాసుకున్నాను. నాలుక కొసకి కూడా తగలనివ్వలేదట. ఇక్కడ ఎవరైనా పొద్దు గుంకాక నీళ్ళు నాలిక మీద వేసుకుని చూసి, మళ్ళీ ఉప్పు కలుపుతారు. నేను పొద్దు గుంకగానే సూపు తాగి పడుకున్నాను. చేతులతో కొలిస్తే చాలనుకున్నాను. గాజు కోసే చేతులు కదా, వాటికి అన్నీ తెలుసనుకున్నాను.

నువ్వు మూట విప్పావు. కుళ్ళిందని తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. పాతిపెట్టావు. మీ అల్లుడు పంపింది కుళ్ళు చేప అని వాళ్ళకి చెప్పడం కంటే, మా ఇంటి పిచ్చిది బొమ్మ గీసి తెచ్చింది అనిపించుకోవడం నయమనుకున్నావు. నీకు పిచ్చి అన్నది వీధిలో పాత మాట, నేను చేతకానివాణ్ణన్నది కొత్త మాట అవుతుంది. అదేగా నీ లెక్క? ఆ లెక్కలో నా పరువు మిగిలింది. నీ పరువు పోయింది, నీ పిల్లులు పోయాయి, కమ్మూన్ పేరు పోయింది. బషీర్ తాత నిజం చెబుతుంటే నోరు మూయించావు. నేను నిన్ను అన్న మాటలన్నీ అనిపించుకుని, నన్ను తిరిగి ఒక్క మాట అనలేదు.

దలెండా వాళ్ళ అవ్వ అందరికంటే ముందు తింటుంది, పండగ రోజు మొదటి ముక్క ఆవిడదే. ఆ ముక్క నేను కుళ్ళబెట్టింది అయ్యేది.

అయినా నా కోపం తగ్గలేదు. తగ్గిందని ఎవరైనా చెబితే నమ్మకు. పారెయ్యి, పారెయ్యి అని మూడుసార్లు రాశావు. ఎందుకో ఒక్కసారైనా రాశావా? అచ్చిరాదంటావా? అచ్చిరాని వాటిని నేను పంతం పట్టి తింటానని నీకు తెలియదా, పెంచిన దానివి? పక్కగది వాడు ఒకరోజు ఆ మూట దింపమన్నాడు, ఇద్దరం తిందామని. ఆ రోజు నా కోపం కాస్త తక్కువగా ఉండి ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం. నా పరువు కాపాడబోయి నన్నే చంపబోయావు. చేప కుళ్ళింది రా వెధవా, అని రాసి ఉంటే సరిపోయేది. నేను గాజు కోస్తాను పిన్నీ, గాజుతో చేసినవాణ్ణి కాదు. ఒక మాట అంటే పగిలిపోను.

శనివారం టాక్సీ స్టాండుకి వెళ్ళాను. వాళ్ళంతా ఉన్నారు, బత్తాయి రసం వాడితో సహా. హమ్మాదీ కారు ముందు నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను. "నా చేప కుళ్ళిపోయింది. నేనే కుళ్ళబెట్టాను. పిల్లి ముట్టలేదు. మా పిన్ని నా కోసం అబద్ధం ఆడింది."  హమ్మాదీ గింజలు ఉమ్మేసి, "ఈ మాట మొఖ్తార్ గారికి చెప్పమంటావా?" అన్నాడు.

"నువ్వొద్దు, నేనే చెబుతాను. నువ్వు చెబితే ఉప్పూ కారం దట్టిస్తావు."

"ఎవరో ఒకరు దట్టించాలిగా తమ్ముడూ. వేయాల్సిన చోట నువ్వు వేయలేదాయె."

స్టాండంతా మళ్ళీ నవ్వింది, ఈసారి ఆ నవ్వు విని నాకు ఏమీ అనిపించలేదు. న్యాయమైన నవ్వే.

ఇక నేను చెప్పేది విను.

పిల్లులన్నిటినీ ఇంటికి తెచ్చుకో. ముసలిదాన్ని మామియా ఇవ్వనంటే నేను వచ్చి మాట్లాడతాను. బషీర్ తాత దగ్గరికి వెళ్ళి, నీదే నిజం తాతా అని అందరి ముందూ చెప్పు. బూర ఊదుకోమను.

దలెండాని అడిగి ఆ గాజు తీసుకో. నేపథ్యం ఏ రంగు కావాలో తననే అడుగు, నువ్వు నిర్ణయించకు. అసలు వద్దంటే, వీధి కనబడాలంటే, అలాగే వదిలెయ్యి.

కవరులో కాగితం పొట్లం ఉంది, జాగ్రత్తగా విప్పు. కమ్మూన్ నిద్రపోతుంటే తోక నుంచి వెంట్రుకలు కత్తిరించాను. కుడివైపు నుంచి వెళ్ళానని చెయ్యి గీరాడు. కుంచెకి సరిపోతాయనుకుంటాను. సరిపోకపోతే వాడు నీ దగ్గరికే వస్తున్నాడు.

ఆదివారం నేను వాణ్ణి తీసుకుని వస్తాను. మనం ముగ్గురం మొఖ్తార్ గారి గుమ్మానికి వెళతాం. చేతిలో పళ్ళెం ఉంటుంది, దాని మీద గుడ్డ ఉండదు. బజారులో కొన్న చేప ఉంటుంది, ఇంకొకరి చేతితో ఊరబెట్టింది. అక్కడే ఒక ముక్క తుంచి ముందు కమ్మూన్‌కి పెడతాను, వాళ్ళ కళ్ళ ముందే. వాడు తిన్నాక పళ్ళెం లోపలికి ఇస్తాను. జరిగింది నా నోటితో చెబుతాను. నువ్వు నా పక్కన నిలబడతావు, మధ్యలో మాట్లాడవు. మా ఇంట్లో పిల్లి కోడలి కంటే ముందే తింటుంది, ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది, ఇష్టమైతే అమ్మాయిని ఇవ్వండి అంటాను. ఇవ్వనంటే అది నేను పడాల్సింది. నువ్వు పడాల్సింది కాదు.

నాకు కావలసింది ఒకటే, ఆదివారం నువ్వు నాతో వస్తావా, రావా? నిన్ను బయట నిలబెట్టిన గుమ్మానికి మళ్ళీ రమ్మంటున్నానని తెలుసు. అయినా అడుగుతున్నాను. క్షేమ సమాచారాలు వద్దు, వీధి కబుర్లు వద్దు, ఒక్క మాట రాయి. గురువారం హమ్మాదీ కారు ఇక్కడికి చేరేసరికి స్టాండులో నిలబడి ఉంటాను. ఆ కారులో నీ జవాబు ఉండాలి.

లసాద్